బ్యాకప్ సర్వర్‌లో వర్చువలైజేషన్ పెట్టాలా, వద్దా? కర్నూలు వరద, నా సొంత తప్పు నేర్పిన జవాబు

కర్నూలు నుంచి మాట్లాడుతున్నా. ఈ ఎపిసోడ్ మొత్తం ఒకే ఒక్క ప్రశ్న మీద.

నంద్యాల నుంచి ఒక తమ్ముడు వాయిస్ మెసేజ్ పంపాడు. "అన్నా, మా నాన్న మెడికల్ ఏజెన్సీకి బ్యాకప్ కోసమని ఒక సెకండ్ హ్యాండ్ సర్వర్ కొన్నాం. ఎనిమిది కోర్లు, 32 జీబీ ర్యామ్. బ్యాకప్ రాత్రిపూట ఒక గంట నడుస్తాది. మిగతా 23 గంటలు అది ఊరికే ఉంటాది. దాంట్లో ప్రాక్స్‌మాక్స్ వేసి, బ్యాకప్‌ని ఒక వీఎంలో పెట్టి, మిగిలిన జాగాలో వేరే పనులు నడుపుకోవచ్చా?"

చాలా మంచి ప్రశ్న. జవాబు చివరిదాకా దాచిపెట్టి మిమ్మల్ని ఊరించను. ముందే చెప్పేస్తా. వర్చువలైజేషన్ వల్ల బ్యాకప్ పాడైపోతుందని ఎక్కడా లేదు. సరిగ్గా పెట్టుకుంటే అది మంచి పనిముట్టు. కానీ ఆ తమ్ముడి మెసేజ్‌లో ఒక మాట ఉంది చూడండి, "ఊరికే ఉంటాది" అని. నన్ను ముంచింది ఆ మాటే. ఎలా ముంచిందో చెప్తా. అది వింటే మీకే అర్థమవుతుంది, మీ మెషీన్‌లో ఏం పెట్టాలో, ఏం పెట్టకూడదో.

ముందు, వర్చువలైజేషన్ అంటే ఏంటి?

ఒక ఇల్లు ఉంది అనుకోండి. ఓనరు దాన్ని నాలుగు పోర్షన్లు చేసి అద్దెకిచ్చాడు. ఎవరి తలుపు వాళ్లది, ఎవరి వంటగది వాళ్లది. ఒక పోర్షన్‌లో గొడవైతే పక్క పోర్షన్‌కి సంబంధం లేదు. కానీ పునాది ఒకటే, సంపు ఒకటే, కరెంటు లైను ఒకటే.

కంప్యూటర్‌లో ఆ ఓనరు పేరు హైపర్‌వైజర్. ప్రాక్స్‌మాక్స్, వీఎంవేర్ ఈఎస్ఎక్స్ఐ, మైక్రోసాఫ్ట్ హైపర్-వీ, ఇవన్నీ ఆ జాతివే. ఒక్కో పోర్షన్ ఒక వర్చువల్ మెషీన్, అంటే వీఎం. లోపల విండోస్ ఉండొచ్చు, లైనక్స్ ఉండొచ్చు. లోపలున్న దానికి తాను ఒక పూర్తి కంప్యూటర్‌లో ఉన్నాననే అనిపిస్తుంది. దాని "హార్డ్ డిస్క్" మాత్రం నిజానికి బయట అసలు డిస్క్ మీద ఒక పెద్ద ఫైలో, ఒక ముక్కో అంతే.

ఈ సంపు సంగతి గుర్తుపెట్టుకోండి. మళ్లీ వస్తా దానికి.

2009 అక్టోబర్ 2

అప్పుడు నేను ఎనిమిదో తరగతి. మా మామకు కర్నూలు పాత ఊర్లో ఫోటో స్టూడియో ఉండేది, కొండారెడ్డి బురుజు నుంచి నడిచిపోయేంత దూరంలో. గాంధీ జయంతి రోజు. తుంగభద్ర, హంద్రీ రెండూ పొంగి ఊర్లోకి వచ్చేశాయి. కర్నూలోళ్లకి ఆ తేదీ ఎవరూ గుర్తుచేయాల్సిన పన్లేదు. మేం మేడ మీదికెక్కి బతికాం. నీళ్లు తీశాక కిందికి దిగితే స్టూడియో నిండా మోకాలిలోతు బురద.

మా మామ అజాగ్రత్త మనిషేం కాదు. పెళ్లిళ్ల వీడియోలు కంప్యూటర్‌లో ఒక కాపీ, బయటి హార్డ్ డిస్క్‌లో ఇంకో కాపీ పెట్టేవాడు. ఆ రోజుల్లో అంత పద్ధతిగా ఉన్నవాళ్లు తక్కువ. కాకపోతే ఆ హార్డ్ డిస్క్ ఉన్నది కంప్యూటర్ టేబుల్ కిందున్న బీరువాలో. రెండూ ఒకే నీళ్లలో మునిగాయి.

నాకు బ్యాకప్ గురించి మొదటి పాఠం అదే. రెండు కాపీలు ఒకే గదిలో ఉంటే, ఆ గదికి ఏమన్నా అయిన రోజు అవి రెండూ ఒక్క కాపీ కింద లెక్క.

నా తప్పు

పెద్దయ్యాక నేను ఈ కంప్యూటర్ల పనిలోకే వచ్చా. నాలుగేళ్ల కిందట మామ స్టూడియోకి ఒక బ్యాకప్ సర్వర్ పెట్టిచ్చా. పాత ఆఫీసు కంప్యూటరే, దానికి 240 జీబీ ఎస్‌ఎస్‌డీ ఒకటి, 4 టీబీ హార్డ్ డిస్క్ ఒకటి. ప్రాక్స్‌మాక్స్ వేశా. దాని మీద బ్యాకప్ వీఎం. దానికి 3 టీబీ డిస్క్ ఇచ్చా. అంతవరకు బానే ఉంది.

నెల తర్వాత చూస్తే ప్రాసెసర్ రెండు శాతం కూడా వాడట్లేదు. ఊరికే ఉంది కదా! మామకు సీసీ కెమెరాలు ఉన్నాయి, వాటి రికార్డింగ్‌కి ఇంకో వీఎం చేసి 2 టీబీ డిస్క్ ఇచ్చేశా.

లెక్క చూసుకోండి. మూడు, రెండు ఐదు. ఉన్నది నాలుగు. మరి ఎలా ఒప్పుకుంది? దీన్ని థిన్ ప్రొవిజనింగ్ అంటారు. ఓనరు ప్రతి పోర్షన్ వాళ్లకీ "సంపులో పదివేల లీటర్లు ఉన్నాయి, మీ ఇష్టం" అని చెప్పడం లాంటిది. సంపు మొత్తం కలిపి పదివేలే. అందరూ ఒకేసారి వాడరులే అని ధైర్యం. చలికాలంలో ఆ ధైర్యం నిలబడుతుంది. మన సీమలో మే నెలలో నిలబడుతుందా? మీకే తెలుసు.

కెమెరాల రికార్డింగ్ ఎప్పుడూ ఆగదు కదా. రాస్తూ రాస్తూ అసలు డిస్క్ నూటికి నూరు శాతం నిండిపోయింది. థిన్ పూల్ నిండితే ఏమవుతుందంటే, లోపలున్న వీఎంకి ఆ సంగతి తెలియదు. దాని కంటికి ఇంకా ఒక టీబీ పైనే ఖాళీ కనిపిస్తుంటుంది. రాయబోతుంది, కింద నుంచి తప్పు వస్తుంది, మళ్లీ రాయబోతుంది, మళ్లీ తప్పు. ఈ గుంజులాటలో బ్యాకప్ వీఎం ఫైల్ సిస్టమ్ దెబ్బతింది. రాత్రి బ్యాకప్ ఆగిపోయింది. ఫెయిలైతే మెయిల్ వచ్చేలా పెట్టాలి, నేను పెట్టలేదు. 19 రోజులు ఎవరికీ తెలియదు.

ఇరవయ్యో రోజు స్టూడియోలో అసలు కంప్యూటర్ డిస్క్ పోయింది.

పాత ఫైళ్లు రిపేర్ చేస్తే చాలావరకు వచ్చాయి. పేర్లు పోయి, నంబర్లతో వచ్చాయి. ఏ ఫైలు ఎవరి పెళ్లో ఒక్కొక్కటి తెరిచి చూసి సర్దడానికి మూడు రోజులు పట్టింది. కానీ ఆ 19 రోజుల్లో రెండు పెళ్లిళ్లు తీశారు. ఒకదాని కెమెరా కార్డు ఇంకా చెరపలేదు, బతికిపోయాం. రెండోదాని కార్డు మీద వేరే షూట్ తీసేశారు. మిగిలింది వాట్సాప్‌లో పంపిన మూడు నిమిషాల హైలైట్స్ ముక్క ఒక్కటే.

ఏడాది తర్వాత ఆ పెళ్లికూతురు స్టూడియోకి వచ్చింది. వాళ్ల నాన్న చనిపోయాడు. అప్పగింతలప్పుడు ఆయన మాట్లాడిన వీడియో కావాలని అడిగింది. మా దగ్గరున్న ముక్కలో ఆయన కనిపిస్తాడు, పెదాలు కదులుతాయి. కానీ దాని మీద సినిమా పాట వేసేశాం. మాట లేదు.

ఆమె ఏమీ అనలేదు, సరే అని వెళ్లిపోయింది. మామ మాత్రం ఆ సాయంత్రం నాతో ఒక మాటన్నాడు. "ఒరే, వరదలో పోయినవాటిని దేవుడు తీసుకుపోయినాడనుకున్నా. ఇది మనం పోగొట్టినాం గదరా" అని. "మనం" అన్నాడు పాపం. పోగొట్టింది నేను.

తప్పు వర్చువలైజేషన్‌దా, నాదా?

నిజాయితీగా చెప్పాలంటే నాదే. హైపర్‌వైజర్ తన పని తాను చేసింది. బ్యాకప్ మెషీన్‌లోకి రెండో కాపురం తెచ్చిపెట్టింది నేను. వర్చువలైజేషన్ చేసేదేంటంటే, ఆ రెండో కాపురం పెట్టడాన్ని చాలా సులువు చేస్తుంది. నాలుగు క్లిక్కులు అంతే. అసలు ప్రమాదం ఆ సులువులోనే ఉంది.

బ్యాకప్ సర్వర్ ఊరికే ఉండటం వృథా కాదండీ. ఊర్లో ఫైరింజన్ కూడా ఏడాదిలో ఎక్కువ రోజులు ఊరికే నిలబడి ఉంటుంది. ఖాళీగా ఉంది కదా అని దాంతో పెళ్లిళ్లకు నీళ్లు తోలితే, నిప్పంటుకున్న రోజు అది వేరే ఊర్లో ఉంటుంది.

సరే, వర్చువలైజేషన్ వైపు కూడా వాదించాలి. దాని లాభాలు నిజమైనవే.

ఒకటి, మెషీన్ మారినా ఇబ్బంది లేదు. మదర్‌బోర్డు పోయిందనుకోండి, వీఎంని వేరే కంపెనీ మెషీన్‌లోకి తీసుకెళ్లి లేపొచ్చు.

రెండు, అప్‌డేట్ చేసే ముందు స్నాప్‌షాట్ తీసుకుని, తేడా వస్తే వెనక్కి రావచ్చు. స్నాప్‌షాట్ ఉంది కదా, ఇంక బ్యాకప్ ఎందుకు అనుకోకండి. అది అదే డిస్క్ మీద ఉంటుంది. డిస్క్ పోతే అదీ పోతుంది.

మూడోది అన్నిటికన్నా పెద్దది. బ్యాకప్ నిజంగా పనిచేస్తుందో లేదో పరీక్షించొచ్చు. మీ బిల్లింగ్ సర్వర్ బ్యాకప్‌ని ఆ బ్యాకప్ మెషీన్‌లోనే ఒక వీఎంగా లేపి, విండోస్ వస్తుందా, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ తెరుచుకుంటుందా, నిన్నటి బిల్లు కనిపిస్తుందా అని చూసుకోవచ్చు. ఈ పని చేయడానికి వర్చువలైజేషన్‌ని మించింది లేదు.

ఆ రోజు ఎన్ని తలుపులు తీయాలి?

ఇప్పుడు అసలు లెక్క. సర్వర్ ఎంత వేగం, ఎన్ని కోర్లు, ఇవన్నీ పక్కన పెట్టండి. అన్నీ పోయిన రోజు ఒకటి ఊహించుకోండి. మీ చేతిలో మిగిలింది బ్యాకప్ డిస్క్ ఒక్కటే. దాన్ని తెచ్చి పక్కింటి కంప్యూటర్‌కి తగిలించారు. మీ ఫైలు మీకు కనిపించాలంటే ఎన్ని తలుపులు తీయాలి?

మామూలు లైనక్స్ వేసి, డిస్క్‌లో ఫైళ్లు ఫైళ్లలాగే పెట్టుకుంటే, ఒకటే తలుపు. తగిలించు, తెరువు.

ప్రాక్స్‌మాక్స్ బ్యాకప్ సర్వర్ అని ఒకటి ఉంది, 2020లో వచ్చింది, ఉచితంగా వాడుకోవచ్చు. అది డేటాని చిన్న చిన్న ముక్కలుగా దాస్తుంది, ఒకే ముక్క రెండుసార్లు దాయదు. అందుకని జాగా బాగా మిగులుతుంది. కానీ ఆ ముక్కల్ని నేరుగా చూసి చదవలేరు. ఏదో ఒక మెషీన్‌లో ఆ సాఫ్ట్‌వేర్ మళ్లీ వేసి, పాత డిస్క్ తగిలించి చూపించాలి. అప్పుడు రెండు తలుపులు. పర్లేదు.

నేను చేసినట్టు చేస్తే? ముందు హైపర్‌వైజర్ లేవాలి, దాని స్టోరేజ్ పూల్ లేవాలి, అందులో వర్చువల్ డిస్క్ బాగుండాలి, దాని లోపల ఫైల్ సిస్టమ్ బాగుండాలి, అప్పుడు బ్యాకప్ సాఫ్ట్‌వేర్, అప్పుడు ఫైలు. ఐదారు తలుపులు. ప్రతి తలుపుకీ ఒక తాళం. మామూలు రోజున అన్నీ వాటంతటవే తెరుచుకుంటాయి. ఆపద రోజున ఏదో ఒకటి బిగుసుకుంటుంది.

ఇంకో తప్పు కూడా చాలామంది చేస్తారు. బ్యాకప్ వీఎంని, అది కాపాడాల్సిన వీఎంలు ఉన్న మెషీన్‌లోనే పెడతారు. తాళం చెవి ఇంట్లో పెట్టి బయట నుంచి తలుపు గొళ్లెం వేసుకున్నట్టు. మెషీన్ పోతే రెండూ పోతాయి. ప్రాక్స్‌మాక్స్ వాళ్ల డాక్యుమెంటేషన్‌లోనే రాసి ఉంది, హైపర్‌వైజర్ మీదే బ్యాకప్ సర్వర్ వేయడం సిఫార్సు చేయం, వేరే మెషీన్ మీద పెట్టుకోండి అని. పాస్‌వర్డ్ల సంగతీ అంతే. బ్యాకప్ తెరిచే పాస్‌వర్డు ఆ బ్యాకప్‌లో ఉన్న ఫైల్లోనే ఉంటే ఇంక అంతే సంగతులు. ప్రాక్స్‌మాక్స్‌లో ఎన్‌క్రిప్షన్ కీని క్యూఆర్ కోడ్‌తో సహా కాగితం మీద ప్రింట్ తీసుకునే సదుపాయం ఉంది. తీసుకుని బీరువాలో పెట్టుకోండి. నవ్వకండి, కాగితానికి బూట్ అవ్వాల్సిన పని లేదు.

మన కడప జిల్లా పెద్దాయన కథ ఒకటి ఇక్కడ గుర్తొస్తుంది. తాళ్లపాక అన్నమయ్య కీర్తనలు రాగిరేకుల మీద చెక్కించి తిరుమల గుడిలో ఒక అరలో భద్రపరిచారు. కొన్ని వందల ఏళ్లు వాటిని పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 1920ల్లో బయటికి తీస్తే చదవగలిగాం. ఎందుకు? మధ్యలో ఏ పొరా లేదు కాబట్టి. రేకు ఉంది, దాని మీద తెలుగు అక్షరం ఉంది, చదివే కన్ను ఉంది, చాలు. అదే కథలో రెండో సగం కూడా ఉంది. ఆయన 32 వేల కీర్తనలు రాశాడని చెప్తారు. అందులో సగం కూడా మనకు దొరకలేదు. ఉన్న కాపీ ఎంత గట్టిదైనా, రెండో కాపీ లేకపోతే పోయింది పోయినట్టే.

దొంగ ఒక్క తాళం పగలగొడితే

వరద, డిస్క్ ఫెయిల్యూర్ అయిపోయాయి. మూడో ప్రమాదం ర్యాన్సమ్‌వేర్. ఫైళ్లన్నీ తాళం వేసేసి డబ్బులడిగే వైరస్. ఇది ఎక్కడో అమెరికాలో జరిగేది అనుకోవద్దు. 2019లో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ కరెంటు పంపిణీ సంస్థల వెబ్‌సైట్ల మీద ఇలాంటి దాడే జరిగింది. మన కర్నూలు, కడపకు కరెంటిచ్చే ఎస్‌పీడీసీఎల్ కూడా అందులో ఉంది.

వర్చువలైజేషన్‌కి సంబంధించింది ఇంకోటి ఉంది. 2023 ఫిబ్రవరిలో ఈఎస్ఎక్స్ఐఆర్గ్స్ అనే దాడిలో ప్రపంచవ్యాప్తంగా వేల వీఎంవేర్ సర్వర్లు దెబ్బతిన్నాయి. అది ఒక్కొక్క వీఎంలోకి దూరలేదు. నేరుగా ఓనరు గదిలోకి, అంటే హైపర్‌వైజర్‌లోకి వెళ్లి, అన్ని పోర్షన్ల ఫైళ్లకీ తాళం వేసింది. ఆ కన్నం పూడ్చే అప్‌డేట్ 2021 ఫిబ్రవరిలోనే వచ్చింది. రెండేళ్లుగా వేసుకోనివాళ్లు దొరికిపోయారు.

దీన్నుంచి మనకు కావాల్సింది మూడు మాటలు. హైపర్‌వైజర్ వేస్తే, అప్‌డేట్ చేయాల్సిన సాఫ్ట్‌వేర్ ఇంకోటి పెరిగిందని గుర్తుంచుకోండి. దాని అడ్మిన్ పేజీని ఎప్పుడూ ఇంటర్నెట్‌కి తెరిచి పెట్టకండి. అసలు సర్వర్‌కీ బ్యాకప్ సర్వర్‌కీ ఒకటే పాస్‌వర్డు అస్సలు పెట్టకండి.

మరి ఎవరు ఏం చేయాలి?

మూడు రకాలుగా చెప్తా. మీరు ఎక్కడున్నారో చూసుకోండి.

మొదటి రకం: చిన్న షాపు, ఇల్లు, స్టూడియో, ట్యూషన్ సెంటర్. ఒక పాత కంప్యూటర్, 4 జీబీ, 8 జీబీ ర్యామ్. వర్చువలైజేషన్ వద్దు. డెబియన్ కానీ, ఓపెన్‌మీడియావాల్ట్ కానీ నేరుగా మెషీన్ మీద వేయండి. బ్యాకప్ ఒక్కటే దాని పని. ఇంకేం పెట్టకండి.

రెండో రకం: మీ అసలు సర్వరే ప్రాక్స్‌మాక్స్ మీద ఉంది, మూడు నాలుగు వీఎంలు నడుస్తున్నాయి. అప్పుడు రెండో మెషీన్ మీద ప్రాక్స్‌మాక్స్ బ్యాకప్ సర్వర్‌ని నేరుగా వేయండి. ర్యామ్ కనీసం 4 జీబీ, దాని పైన ప్రతి టీబీ స్టోరేజ్‌కి ఒక జీబీ చొప్పున చూసుకోండి. వాళ్లు చెప్పే లెక్క అదే. 4 టీబీ డిస్క్ అయితే 8 జీబీ.

మూడో రకం: నంద్యాల తమ్ముడిలాగా, మెషీన్ పెద్దది, చేతులు ఊరుకోవు. అప్పుడు వర్చువలైజేషన్ పెట్టొచ్చు. కానీ నాలుగు షరతులు.

బ్యాకప్ డేటా వర్చువల్ డిస్క్‌లో ఉండకూడదు. హార్డ్ డిస్క్‌ని మొత్తంగా ఆ వీఎంకి అప్పజెప్పండి, దీన్ని పాస్‌త్రూ అంటారు. అప్పుడు హైపర్‌వైజర్ చచ్చిపోయినా డిస్క్ పీకి వేరే చోట తగిలిస్తే చదువుకోవచ్చు.

థిన్ ప్రొవిజనింగ్ వద్దు. లేని నీళ్లు ఎవరికీ మాటివ్వకండి.

రోజూ నడిచే రెండో పని ఏదీ అందులో ఉండకూడదు. సీసీ కెమెరాలు వద్దు, సినిమాల సర్వర్ వద్దు, వెబ్‌సైట్ వద్దు. రిస్టోర్ పరీక్ష కోసం ఒక గంట లేచి పడుకునే వీఎం ఒక్కటే ఉండొచ్చు. ఆ పరీక్ష వీఎంకి నెట్‌వర్క్ కేబుల్ విప్పేసి లేపండి, అంటే సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ డిస్‌కనెక్ట్ చేసి. లేకపోతే అసలు సర్వర్, దాని కవల ఒకే ఐపీతో కొట్టుకుంటాయి.

నాలుగోది, హైపర్‌వైజర్ సెట్టింగ్స్, వీఎంల కాన్ఫిగరేషన్ ఫైళ్లు, పాస్‌వర్డ్లు ఆ మెషీన్ బయట ఒక చోట ఉండాలి.

ఈ నాలుగూ చేయలేను, ఓపిక లేదు అనిపిస్తే మొదటి రకానికి వచ్చేయండి. సిగ్గుపడాల్సిందేం లేదు. నేనూ వచ్చేశా. మామ స్టూడియోలో ఇప్పుడున్న బ్యాకప్ మెషీన్‌లో ఒక్క వీఎం కూడా లేదు. రిస్టోర్ పరీక్షలు నా షాపులో వేరే మెషీన్ మీద చేస్తా.

కర్నూలు కాపీ కడపలో

ఇంత చేసినా 2009 ప్రశ్న అలాగే ఉంటుంది. రెండు మెషీన్లూ ఒకే ఊర్లో, ఒకే వీధిలో ఉంటే ఎలా? పీటర్ క్రోగ్ అనే ఫోటోగ్రాఫర్ ప్రచారంలోకి తెచ్చిన సూత్రం ఒకటుంది, 3-2-1 అని. మూడు కాపీలు, రెండు రకాల స్టోరేజ్, ఒకటి వేరే చోట. చూశారా, ఇది చెప్పింది కూడా ఫోటోలు తీసేవాడే.

నాకు కడపలో ఒక దోస్తు ఉన్నాడు, వాడిదీ ఇదే పని. నా కస్టమర్ల కాపీ ఒకటి వాడి దగ్గర, వాడి కస్టమర్ల కాపీ ఒకటి నా దగ్గర. రెండూ ఎన్‌క్రిప్ట్ చేసే పంపుకుంటాం, ఎవరి తాళం వాళ్ల దగ్గరే. కర్నూలు తుంగభద్ర ఒడ్డున ఉంది, కడప పెన్నా వైపు ఉంది. నదులు వేరు. కడప వైపు వరద రాదని కాదు. 2021 నవంబర్ 19న చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి రాజంపేట వైపు ఊర్లకు ఊర్లే కొట్టుకుపోయాయి. అందుకే ఎవరి కాపీ వాళ్ల ఊర్లో ఒక్కటే ఉంటే చాలదు. రెండు ఊర్లూ ఒకే రోజు మునగడం చాలా అరుదు. మన ధైర్యం దాని మీద పెట్టుకోవచ్చు.

ఎలా పంపుతామంటారా? మొదటిసారి మొత్తం కాపీ బస్సులో. నవ్వులాట కాదు, లెక్క చూడండి. 1 టీబీ డేటా, 50 ఎంబీపీఎస్ అప్‌లోడ్ స్పీడు. లైను ఎక్కడా తెగకుండా నడిచినా సుమారు 44 గంటలు. కర్నూలు నుంచి కడపకు సుమారు 200 కిలోమీటర్లు. ఆర్టీసీ బస్సులో డిస్క్ ఒళ్లో పెట్టుకుని పొద్దున బయల్దేరితే మధ్యాహ్నం భోజనానికి కడపలో ఉంటా. ఆ తర్వాత రోజూ మారిన ముక్కలు మాత్రమే ఇంటర్నెట్‌లో పోతాయి. ఆపద రోజున కూడా అంతే, డిస్క్ బస్సెక్కి వెనక్కి వస్తుంది. అదే డిస్క్‌ని ఇక్కడ గిగాబిట్ నెట్‌వర్క్ మీద దించుకుంటే 1 టీబీకి రెండున్నర గంటలు. ఈ లెక్క మీరు ముందే కట్టుకుని ఉంటే, ఆ రోజు "ఎంతసేపు పడుతుంది?" అని ఓనరు అడిగినప్పుడు నోరు తడబడదు.

ఇది మీ ఫోన్‌కి కూడా

నాకు సర్వర్లేం లేవన్నా, ఫోనే ఉంది అంటారా? మీకూ ఇదే ప్రశ్న. ఫోటోలు క్లౌడ్‌లో ఉన్నాయి కదా, బ్యాకప్ ఉన్నట్టే అనుకుంటారు. సింక్ ఆన్‌లో ఉండి మీరు ఫోన్ యాప్‌లో ఒక ఫోటో చెరిపితే, క్లౌడ్‌లో కూడా చెరిగిపోతుంది. కొన్నాళ్లు ట్రాష్‌లో ఉంటుంది, తర్వాత అదీ ఉండదు. అది ఒక కాపీకి రెండు కిటికీలు ఉన్నట్టు. జేజి మాట్లాడిన వీడియో, నాన్న గొంతు ఉన్న వాయిస్ మెసేజ్, ఇలాంటివి మీ దగ్గర ఏవి ఉన్నాయో మీకు తెలుసు. వాటిని ఒక పెన్ డ్రైవ్‌లోనో, హార్డ్ డిస్క్‌లోనో విడిగా వేసి, వేరే ఇంట్లో ఉన్న అక్క దగ్గరో, పిన్ని దగ్గరో పెట్టండి.

నంద్యాల తమ్ముడూ, నీకు చివరి మాట. నీ సర్వర్ 23 గంటలు ఊరికే ఉందని బాధపడొద్దు. ఆ 23 గంటల్లో నెలకొక్క గంట తీసుకో. ఆ గంటలో నాన్న బిల్లింగ్ డేటాని బ్యాకప్ నుంచి లేపి, నిన్నటి బిల్లు ఒకటి తెరిచి చూడు. తెరుచుకుంటే నీకు బ్యాకప్ ఉన్నట్టు. తెరుచుకోకపోతే, ఆ సంగతి ఆపద రాకముందే తెలిసినట్టు.

నేను ఇప్పుడు ప్రతి నెల మొదటి ఆదివారం ఆ పని చేస్తా. ఏదో ఒక పాత పెళ్లి వీడియో బ్యాకప్ నుంచి తీసి, రెండు నిమిషాలు చూస్తా. బొమ్మ వస్తే సరిపోదు. సౌండ్ పెట్టి, మాట వినిపిస్తుందో లేదో కూడా వింటా.

ఉంటానండీ. వచ్చే వారం కలుద్దాం.